పన్నెండేళ్ల తరువాత

అమెరికాలోని మా తమ్ముడు పన్నెండేళ్లకు మళ్లీ ఆటోక్రాస్ పందెంలో దిగాడు. ఖాళీ మైదానంలో కోనులు నిలిపి, వాటి మధ్యగా ఒక్కొక్క కారునే వదిలి సమయం లెక్కిస్తారు. ఒక కోను పడితే 2 సెకండ్లు కలుపుతారు.

టైర్లు అరగలేదు, కొత్తవేననుకున్నాడు. ప్రక్కన 2413 అని ఉంది. అంటే 2013లో 24వ వారం! వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, పట్టు పోతుంది.

మొదటి పరుగులోనే మూడు కోనులు పడ్డాయి. "చేతులకు గుర్తుంది అన్నయ్యా, కళ్లే దగ్గరి కోనును వదలడం లేదు" అన్నాడు ఫోనులో. చూపు తరువాతి మలుపు మీద ఉండాలట. సైకిలు దిగి పదేళ్లయిన మేము ఏం చెప్పగలము?

నాలుగో పరుగులో ఒక్కటీ పడలేదు. అయినా చివరి నుండి రెండవవాడే. కొత్త టైర్లకు ఆర్డరిచ్చాడు. మరదలికి ఇంకా చెప్పలేదట.