మిసో అయితే సూపు, అఖునీ అయితే కంపు!

మొన్న మా మిత్రుడికి ప్రమోషనొస్తే నలుగురం కలిసి జూబ్లీహిల్స్‌లోని ఓ ఖరీదైన ఆసియా రెస్టారెంట్‌కు పోయాం. మసక దీపాలు, నల్లరాతి బల్లలు, మా వేళ్లకు లొంగని చాప్‌స్టిక్కులు. ముందుగా మిసో సూపు వచ్చింది. ఎండుచేప, సముద్రపు నాచు కాచిన నీళ్లలో పులియబెట్టిన సోయా ముద్ద కలిపితే అదే మిసో సూపు. చిన్న గిన్నెకు 550 రూపాయలు! వాసన ఘాటుగానే ఉంది. అయినా ఎవరూ ముక్కు మూసుకోలేదు. పక్క బల్లవాళ్లు ఫొటోలు కూడా దిగారు.

వడ్డించిన పిల్లగాడిని ‘జపానా?’ అని అడిగింది మాలో ఒకడే. సిగ్గుపడాల్సిన ప్రశ్న. ఆ పిల్లగాడిది నాగాలాండ్. అలాంటి ముఖం బల్ల దగ్గర నిలబడితే వంటకం అసలుసిసలుదని గిరాకీ నమ్ముతుంది. మేమూ నమ్మినవాళ్లమే. వాళ్లింట్లోనూ సోయా గింజలు పులియబెట్టి కూరల్లో వేస్తారట, పేరు అఖునీ. హైదరాబాద్‌లో మాత్రం వండుకోడు. వాసనొస్తే గది ఖాళీ చేయాలని ఓనరు ముందే చెప్పాడట.

ఇది ఒక్క ఓనరు బుద్ధి అనుకుందామా? 2007లో ఢిల్లీ పోలీసులే ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం పుస్తకం వేసి, అఖునీ, వెదురు కొమ్ముల కూర లాంటివి ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా వండుకోవాలని సుద్దులు చెప్పారు. 2014 జనవరిలో అదే ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియాను జుట్టు చూసి వెక్కిరించారు, ఎదురుతిరిగితే కొట్టారు. మర్నాడు ఆ పిల్లగాడు చనిపోయాడు. ఆ తర్వాత బెజ్‌బరువా కమిటీ వేశారు, నివేదిక వచ్చింది. కిరాయి గది పొయ్యి దాకా ఏ నివేదిక వస్తుంది?

యాసను, తిండిని వెక్కిరిస్తే ఎంత మండుతుందో మనకు ఒకరు చెప్పాలా? హాస్టల్‌లో ఎండుచేపల డబ్బా మూత తీయడానికి జంకినవాళ్లం మనం. మరి ఇవ్వాళ మన గేట్లకు వేలాడే టులెట్ బోర్డుల మీద ‘నాన్‌వెజ్ వాళ్లకు ఇవ్వబడదు’ అని రాయిస్తున్నది ఎవరు? కిరాయి అడగండి, శుభ్రత అడగండి. పొయ్యి మీద ఏముందో అడిగే హక్కు ఎక్కడిది?

ప్రమోషనొచ్చిన మిత్రుడికి బోరబండలో రెండు కిరాయి గదులున్నాయి. వాటికీ అదే బోర్డు. ఆయన మాత్రం ఆదివారం మటన్ లేనిదే ముద్ద మింగడు. బిల్లు ఆయనే కట్టాడు. ఇల్లు చేరేదాకా మాతో మాట్లాడలేదు.