సీలు తియ్యకుండా తెస్తే ఎవరికి గొప్ప?

అమెరికా నుంచి వచ్చే ల్యాప్‌టాప్ సీలు తియ్యకుండా రావాలని మనవాళ్ళకి ఎందుకంత పట్టుదలో! చీరైతే కొట్లోనే మడతలన్నీ విప్పి వెలుతురులో పట్టి మరీ చూస్తాం కదా?

అక్కడ ఆపిల్ వాళ్ళు వాపసుకిచ్చే గడువు 14 రోజులు. మరిదిగారు కొని, పెట్టె సర్దుకుని, విమానం దిగి, చుట్టాలందరినీ చూసి మన చేతిలో పెట్టేసరికి అది కాస్తా అయిపోతుంది. తర్వాత స్క్రీన్ మీద చుక్క కనిపిస్తే ఎవరినడుగుతాం? "అంత డబ్బు పోసి తెచ్చాడు, పైగా వంకలా?" అంటారు అత్తగారు.

మొహమాటపడకండి. కొన్నరోజే విప్పమనండి. తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ పెట్టి చుక్కలు వెతకాలి. ప్రతి కీ నొక్కాలి. కెమెరా, స్పీకర్లు, ఛార్జింగ్, యూఎస్‌బీ పోర్టులు కూడా. కస్టమ్స్ వాళ్ళకి సీలుతో పనిలేదు, 18 ఏళ్ళు నిండిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండానే వదులుతారు. బిల్లు మాత్రం పారెయ్యొద్దని చెప్పండి.