సిగరెట్టుతో టెన్షన్ తగ్గదు: గన్నవరం కాలేజీలు చేయవలసిన పని

పొగ పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సుమారు రెండు గంటలకు రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అక్కడి నుంచి చిరాకు, ఆందోళన మొదలవుతాయి, పుస్తకం మీద మనసు నిలవదు. దీన్నే చదువు టెన్షన్ అనుకుని కుర్రాళ్లు మళ్లీ దమ్ము కొడతారు. కాసేపు నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది సిగరెట్టు చేసిన మేలు కాదు, అది తెచ్చిపెట్టిన బాధకు దొరికిన కొద్దిపాటి విరామం. వేప్‌లో (ఈ-సిగరెట్‌లో) నికోటిన్ ఉన్నా ఇంతే. కాకపోతే పొగ కంపు ఉండదు కాబట్టి హాస్టల్ గదిలో ఎవరికీ తెలియదు. పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉండే మెదడుకు ఈ అలవాటు త్వరగా పట్టుకుంటుంది.

మానేసినవారిలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గినట్టు 26 అధ్యయనాలను పరిశీలించి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష తేల్చింది. అయితే మొదటి మూడు రోజులు చాలా కష్టం. మూడు నాలుగు వారాలు ఎవరైనా తోడుండాలి.

గన్నవరంలో పశువైద్య కళాశాల, చినఅవుటపల్లిలో వైద్య కళాశాల, తేలప్రోలులో ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. నిడమానూరు, ఎనికేపాడు దాకా హైవే వెంట హాస్టళ్లే. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు ఆ తోడు కాలేజీయే ఇవ్వాలి. పట్టుబడితే తల్లిదండ్రుల్ని పిలిపించడం, సస్పెండ్ చేయడం వల్ల అలవాటు పోదు, దాచుకోవడం మాత్రం వస్తుంది. వైద్య కళాశాల మానసిక వైద్య విభాగం వారానికొక రోజు చుట్టుపక్కల కాలేజీలకు వెళ్లి, పేర్లు బయటపెట్టకుండా పిల్లలతో మాట్లాడే ఏర్పాటు జరగాలి.

చట్టాలకు కొదవలేదు. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. ఈ-సిగరెట్ల అమ్మకాన్ని దేశమంతటా నిషేధించిన 2019 చట్టంలో మొదటి తప్పుకే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ 100 గజాల నిబంధన మీరిన కొట్టుకు జరిమానా 200 రూపాయలు మించదు. అంత చిన్న మొత్తానికి ఏ బడ్డీ కొట్టూ భయపడదు. విడి సిగరెట్టు మరీ ప్రమాదం: పెట్టె మీద 85 శాతం స్థలంలో ఉండే హెచ్చరిక బొమ్మ దాన్ని కొనేవాడి కంటపడదు. పంచాయతీలు ఆ 100 గజాలను కొలిచి గీత గీయాలి. మళ్లీ మళ్లీ అమ్మేవారి లైసెన్సు రద్దు చేయాలి.

మానేయాలనుకునేవారు పొగాకు విరమణ సహాయానికి 1800-11-2356, మనసు బాగాలేనివారు టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈ రెండు నంబర్లను ప్రతి హాస్టల్ యాజమాన్యం ఈ వారంలోనే గోడ మీద రాయించాలి.