వైరస్ సగటు లెక్కలు చూడదు

తట్టు టీకా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి 1985లోనే వచ్చింది. అయినా 2022 చివరలో ముంబైలో పదిమందికి పైగా పిల్లలు తట్టుతో చనిపోయారు. వ్యాధి విజృంభించింది గోవండి బస్తీల్లో. అక్కడివాళ్లు టీకా వద్దంటున్నారన్న మాట వెంటనే ప్రచారమైంది. వద్దన్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అసలు కారణం అదే అంటే నేను ఒప్పుకోను.

గోవండి ఉన్న ఎం-ఈస్ట్ వార్డును చూడండి. 1927 నుంచి నగరం చెత్త పోస్తున్న దేవనార్ డంపింగ్ యార్డు అక్కడే ఉంది. వేరేచోట గుడిసెలు కూల్చి జనాన్ని తరలించిందీ అక్కడికే. 2009 ముంబై మానవాభివృద్ధి నివేదికలో అట్టడుగున ఉన్న వార్డు అదే. ముస్లింలు, దళితులు, వలస కూలీలు అక్కడ ఇరుకు గదుల్లో బతుకుతున్నారు. టీకా కోసం ఒక పూట పని మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. కోవిడ్ కాలంలో మామూలు టీకాల పని కుంటుపడింది. అప్పుడు తప్పిపోయిన పిల్లలను వెతికి వేయాల్సింది ప్రభుత్వమే.

ఇక నమ్మకం సంగతి. 2010లో వెలువడిన సంఘమిత్ర ఆచార్య అధ్యయనం, గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో మందు ఇచ్చేటప్పుడు కూడా దళిత పిల్లలను తాకకపోవడాన్ని నమోదు చేసింది. బిడ్డను ముట్టుకోని వ్యవస్థను తల్లి అనుమానిస్తే అది అజ్ఞానం కాదు, అనుభవం.

తట్టు సోకిన ఒక్కరి నుంచి రక్షణ లేని 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. అందుకే 95 శాతం మందికి రెండు డోసులూ పడాలంటారు. ఆ 95 ప్రతి బస్తీలోనూ ఉండాలి, నగర సగటులో ఉంటే చాలదు. మన దగ్గర మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే. అంతకన్నా చిన్న బిడ్డకు చుట్టుపక్కల పిల్లల టీకాయే కాపుదల. 2022 నవంబరులో కేంద్రం, కేసుల్లో తొమ్మిది నెలల లోపు పిల్లలు పది శాతం దాటిన ప్రాంతాల్లో ఆరు నెలలకే అదనపు డోసు వేయాలని సూచించింది. ఈ పసివాళ్ల విషయంలో తల్లులు నిరాకరించింది ఏమీ లేదు. వాళ్లకు టీకా వయసే రాలేదు.

బాబాసాహెబ్ తన ఐదుగురు పిల్లల్లో నలుగురిని పసితనంలోనే పోగొట్టుకున్నారు. స్వేచ్ఛ, సమానత్వాల పక్కన ఆయన సోదరభావాన్ని నిలబెట్టారు. ఒకరి బిడ్డకు వేసిన టీకా పక్కింటి బిడ్డను కాపాడడం కన్నా దానికి మంచి ఉదాహరణ నాకు తెలియదు.

టీకా లెక్కలను బస్తీ, కులం, మతం వారీగా బయటపెట్టాలి. కూలికి వెళ్లేవాళ్లు ఇంట్లో ఉండే సాయంత్రాలు, ఆదివారాలు శిబిరాలు పెట్టాలి. గడపగడపకూ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు సరైన జీతం ఇవ్వాలి. తట్టు మళ్లీ వచ్చిన చోట 'ఎవరు వద్దన్నారు' అనే ముందు 'ఎవరి గడప తొక్కలేదు' అని అడగాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం ఆ లెక్క అడగడం ఇవాళే మొదలుపెట్టవచ్చు.