చదువొచ్చి కూడా ఫోను చదవలేకపోతున్నాం, తప్పంతా మన కళ్ళదేనా?

ఈసారి రేట్ల గురించి కాదు, వానల గురించి కాదు, ఫోనులో కనపడే అక్షరాల గురించి రాస్తున్నా. నవ్వకండి, కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్న మా పత్తికి పచ్చదోమ తగిలింది. ఆకుల అంచులు కిందికి ముడుచుకుంటున్నాయి. ఇంట్లో ఇమిడాక్లోప్రిడ్ 17.8 సీసా ఉంటే తీసుకుని చేలోకి పోయాం. సీసా మీద అక్షరాలు ఎలాగూ చీమల బారే, అందుకని గట్టు మీద నిలబడి ఫోనులో వెతికా. తెలుగులోనే ఒక పేజీ దొరికింది. లీటరు నీటికి 3 మి.లీ. అని చదివా. మాది 16 లీటర్ల ట్యాంకు, అంటే 48 మి.లీ. కొలిచి పోయబోతుంటే మా ఆవిడ, "ఏమయ్యా, 100 మిల్లీల సీసా రెండు ట్యాంకులకే అయిపోతే ఇక ఎన్ని సీసాలు కొంటావు?" అంది.

చెయ్యి ఆగిపోయింది. వేపచెట్టు నీడలోకి పోయి, రెండు వేళ్ళతో పేజీని సాగదీసి చూస్తే అది 3 కాదు, .3. ముందు సున్నా అన్నా వెయ్యలేదు. ఒట్టి చుక్క. ఆ చుక్క కూడా లేత బూడిద రంగులో, ఎండలో ఎవడికి కనపడుతుంది? ట్యాంకుకు 5 మిల్లీలు చాలిన చోట దాదాపు పదింతలు పోసేవాణ్ణి. చేనుకూ, కొట్టే మనిషికీ, గట్టున మేసే గొడ్డుకూ ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

నేను ఇంటర్ చదివినవాణ్ణి. పేపరు రోజూ చదువుతా. అయినా ఇలా జరిగింది. ఈ మాట పదిమందికి చెప్పడానికి మొదట సిగ్గేసింది. తర్వాత అనిపించింది, సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణేనా అని.

నలభై దాటితే చత్వారం అందరికీ వస్తుంది, అందులో వింతేం లేదు. కంట్లో కటకం సాగే గుణం తగ్గి దగ్గరివి మసకబారతాయి. కళ్ళజోడు పెట్టుకుంటాం. కానీ చేలో చెమటకి కళ్ళజోడు జారుతుంది, మందు కొట్టేటప్పుడు అసలు తీసి పక్కన పెడతాం. మనం ఫోను చూసేది మంచి లైటు ఉన్న గదిలో కూర్చుని కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, గీతలు పడ్డ అద్దం మీద, మట్టి చేతుల్తో. పేజీ తయారుచేసేవాళ్ళు ఈ మనిషిని ఒక్కసారైనా తలుచుకుంటారా అని నా అనుమానం.

ఇంకొకటి. తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం కొలతతో చూడకూడదు. మనకి పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు. 'స్త్రీ' అనే మాట రాస్తే పైనా కిందా ఎంత చోటు కావాలో చూడండి. 'ధ'కీ 'థ'కీ తేడా లోపలి చుక్కే. 'మ', 'య' దూరానికి ఒకటే. ఇంగ్లీషుకి సరిపోయే సైజులో తెలుగు పెడితే వత్తులన్నీ ముద్దైపోతాయి, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. బ్రౌజర్లు మామూలుగా పెట్టుకునే సైజు 16 పిక్సెళ్ళు. తెలుగుకి అదే బొటాబొటి. పేజీ అందంగా ఉండాలని దాన్ని ఇంకా తగ్గిస్తే ఇక చెప్పేదేముంది.

దీనికి నియమాలు లేవా అంటే ఉన్నాయి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ అనే సంస్థ, అక్షరాల్ని రెట్టింపు చేసినా పేజీ చెదరకూడదని, అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని చెప్తుంది. మన దేశంలో సర్కారు వెబ్‌సైట్లకి 2009 నుంచీ మార్గదర్శకాలున్నాయి, అవీ ఈ దారిలోనే నడవమంటాయి. కొన్ని సైట్లలో పైన ఏ ప్లస్, ఏ మైనస్ అని గుర్తులు ఉండేది అందుకే. అవి నొక్కితే ఒక్కోచోట ఇంగ్లీషు పెరుగుతుంది, తెలుగు కదలదు! ఇంకొన్ని పేజీలు వేళ్ళతో సాగదీస్తే అసలు సాగవు. అది మన ఫోను చెడిపోయి కాదు. సాగకుండా పేజీలోనే ఒక మాట రాసి పెడతారు. దారికి ముళ్ళకంప వేసినట్టు.

వాళ్ళు ఎప్పుడు మారతారో గానీ, ఈలోపు మన చేతిలో ఉన్నవి చెప్తా. ఫోను కంపెనీని బట్టి పేర్లు అటూ ఇటూ అవుతాయి, కంగారుపడకండి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అని ఉంటుంది, అందులో ఫాంట్ సైజు. దాన్ని పెంచితే ఫోనంతా అక్షరాలు పెద్దవవుతాయి. క్రోమ్ వాడేవాళ్ళు పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో యాక్సెసిబిలిటీలోకి పోండి. అక్కడ అక్షరాలు పెంచే గీత ఉంటుంది, అది జరపండి. అక్కడే ఫోర్స్ ఎనేబుల్ జూమ్ అని ఒకటి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. సాగనని మొండికేసే పేజీలు చాలావరకు సాగుతాయి. నాకు ఇది తెలిసిన రోజు, మోటారుకి కరెంటు వచ్చినంత సంతోషం వేసింది.

అదే మూడు చుక్కల్లో డెస్క్‌టాప్ సైట్ అని ఉంటుంది చూడండి. ఏదో ఫారం నింపడానికి ఎవరో దాన్ని పెట్టి అలాగే వదిలేస్తారు. దాంతో కంప్యూటరు అంత పేజీని ఫోనులో కుక్కి చూపిస్తుంది. మా వీధిలో ఇద్దరికి ఆ టిక్కు తీసేస్తే సగం బాధ పోయింది.

ఫోను సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో మాగ్నిఫికేషన్ అని భూతద్దం ఉంది. అది ఆన్ చేసుకుంటే తెర మీద మూడుసార్లు తట్టగానే పెద్దదవుతుంది. బొమ్మగా వచ్చిన కాగితాలకి, స్కాన్ చేసిన జీవోలకి ఇదే దిక్కు, ఎందుకంటే వాటిలో ఫాంటు పెంచినా పెరగదు. ఎండలో అయితే ముందు వెలుతురు పూర్తిగా పెంచుకోండి. ఇవన్నీ చేసినా మసకగానే ఉంటే కళ్ళ డాక్టరు దగ్గరికి పోండి. శుక్లానికి ఫాంటు సైజు మందు కాదు.

ఇదంతా చదివి "నెట్ సెంటరు కుర్రాడు ఉన్నాడుగా, యాభై ఇస్తే చూసిపెడతాడు" అనేవాళ్ళున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. యాభై రూపాయలు పోతే పోనీ. మా బాబాయి ఒకాయన, డెబ్బై దాటాయి. మా చిన్నప్పుడు రచ్చబండ మీద పేపరు గట్టిగా చదివి ఊరందరికీ వినిపించింది ఆయనే. ఇప్పుడు బ్యాంకు మెసేజ్ వస్తే దారిన పోయే పిల్లాడిని పిలిచి ఫోను చేతికిస్తాడు. ఓటీపీ కూడా ఆ పిల్లాడే చదవాలి. ఖాతాలో ఎంతుందో ఆ పిల్లాడికి తెలుసు, ఈయనకి వాడు చెప్పిందే తెలుసు. నాదీ ఒకటి చెప్తా. సర్వే నంబరులో 8ని 3 అని చదివి, పక్కవాళ్ళ 1-బి తీయించుకుని ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగా. అక్కడ "సరిగ్గా చూసుకోవద్దా పెద్దాయనా" అన్నారు. చూసుకునేలా పెడితే కదా!

అందుకే ఒకటి అడుగుతున్నా. పంట నమోదుకో, ఈకేవైసీకో పోయినప్పుడు అక్కడి వాళ్ళతో "ఈ పేజీలో తెలుగు కనపడటం లేదు" అని నోరు తెరిచి చెప్పండి. సైట్ కింద ఫీడ్‌బ్యాక్ అని ఉంటే అక్కడా రాయండి. "నాకు కళ్ళు సరిగ్గా లేవు" అనకండి, "అక్షరం చిన్నగా ఉంది" అనండి. మందు మోతాదులు పెట్టే గ్రూపుల అడ్మిన్లకు కూడా ఇదే మాట. అంకె పెద్దగా వెయ్యండి, చుక్క ముందు సున్నా వెయ్యండి, పసుపు మీద తెలుపు రాయకండి. 0.3 కింద "16 లీటర్ల ట్యాంకుకు 5 మి.లీ." అని కూడా రాస్తే తప్పు జరగడానికి చోటే ఉండదు.

ఆదివారం సాయంత్రం పాల కేంద్రం దగ్గర అరుగు మీద ఉంటా. ఫోను సెట్టింగులు రానివాళ్ళు తెచ్చుకోండి, కలిసి చూద్దాం. మీ పిన్ నంబరు మాత్రం మీరే కొట్టండి, నాకు చెప్పొద్దు. బాబాయిని కూడా రమ్మన్నా.