జీవ, జైబ్, సైన్

భారతీయ గణితచరిత్రను గూర్చిన వ్యాసములలో అరబ్బీ పండితుల ప్రసక్తి తరచుగా ఒక్క వాక్యముతో ముగియుచుండును: వారు మన విద్యను పడమటికి చేరవేసిరి. పాశ్చాత్య గ్రంథములలోను ఇట్టి వాక్యమే కలదు. అందు చేరవేయబడినది గ్రీకు విద్య. ఉభయపక్షములును వారిని బోయీలుగనే చూచినవి. పల్లకిలోని దొర ఎవరన్న చోటనే వివాదము.

ఒక్క పదముయొక్క చరిత్రను పరిశీలించినను ఈ భావము నిలువదు. వృత్తచాపమునకు కట్టిన అల్లెత్రాటిలో సగము అర్ధజ్య. క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయమున నున్న ఈ భావనయే వాడుకలో జ్య యనియు, జీవ యనియు కుదింపబడినది. 8వ శతాబ్దిలో భారతీయ జ్యోతిషము బాగ్దాదు చేరినపుడు అరబ్బులు ఆ శబ్దమును ‘జీబ’ యని యెత్తి వ్రాసికొనిరి. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు. కనుక ఆ యక్షరములనే ‘జైబ్’ అనియు చదువవచ్చును. జైబ్ అనగా వస్త్రమున రొమ్ముకడ నుండు మడత. మన చొక్కా ‘జేబు’ పారసీకముద్వారా వచ్చిన ఆ మాటయే. 12వ శతాబ్దిలో లాటిను అనువాదకులు దానిని ‘సైనస్’ అనిరి. దీనిని వారి యజ్ఞానముగా పరిహసించుట పరిపాటి. కాని అరబ్బీ గణితమున నేటికిని జైబ్ అనియే వ్యవహారము. జైబ్‌నకు సైనస్ సరియైన యనువాదమే. మన పాఠ్యపుస్తకములలోని ‘సైన్’ ఇంత తిరిగి యిల్లు చేరిన మాట.

మాట తిరిగినంతకాలము విద్య నిశ్చలముగా నుండలేదు. అల్ బత్తానీ గ్రీకుల పూర్ణజ్యలను విడిచి అర్ధజ్యలను గ్రహించెను. 10వ శతాబ్దిలో అబుల్ వఫా స్పర్శజ్యను, అనగా అరబ్బుల ‘ఛాయ’ను, శాస్త్రమున స్థిరపరచెను. అల్ బిరూనీ పంజాబునందలి నందనదుర్గముకడ కొండయెత్తును, దిఙ్మండలము క్రిందికి వ్రాలిన కోణమును కొలిచి, జ్యాగణితముచే భూవ్యాసార్ధమును సాధించెను. 13వ శతాబ్దిలో నసీరుద్దీన్ తూసీ త్రికోణమితిని జ్యోతిషమునుండి విడదీసి స్వతంత్రశాస్త్రముగ నిలిపెను. ఇది మోతపని కాదు.

అంతేకాదు, త్రోవ ఇరువైపులా నడచినది. 18వ శతాబ్దిలో సవాయి జయసింహుని యాస్థానమున జగన్నాథ సమ్రాట్టు యూక్లిడును సంస్కృతీకరించి ‘రేఖాగణితము’ రచించెను. ఆయనకు మూలము గ్రీకు గ్రంథము కాదు, తూసీ పరిష్కరించిన యరబ్బీ పాఠము. మన విశ్వవిద్యాలయములలో సంస్కృతమెరిగినవారు రేఖాగణితమును, అరబ్బీ యెరిగినవారు తూసీని వేర్వేరుగా చదువుట యుక్తము కాదు. రెండు పాఠములను ప్రక్కప్రక్కన నుంచి ఏ యరబ్బీ పరిభాషకు జగన్నాథుడు ఏ సంస్కృతపదమును కల్పించెనో, ఏది పూర్వులనుండి గ్రహించెనో వాక్యవాక్యమునను గుర్తింపవలెను. శాస్త్రపరిభాషను నిర్మించుకొనుచున్న దేశభాషలన్నిటికిని ఆ పట్టికతో పని యున్నది.