రానిచ్చి ముంచే రేవు

యారాడ కొండ మీది నుండి చూస్తే, తమ వంతు కోసం లంగరు వేసుకున్న ఓడలు సముద్రంలో కనబడతాయి. పైలట్ ఎక్కనిదే ఓడ కొండ పక్కనున్న కాలువలోకి రాదు. అనుమతి లేనిదానిని బయటే ఆపుతారు. లోనికి రానిచ్చి, ఎవరికీ చెప్పకుండా ముంచివేసే రేవు లోకంలో లేదు. స్పాము పేరిట మన మెయిల్ సర్వర్లలో అనేకం చేస్తున్నది మాత్రం అచ్చంగా అదే!

స్పామును సమర్థించేవారెవరూ లేరు. 1978 మే నెలలో గ్యారీ థ్యుర్క్ సుమారు 400 మందికి పంపిన కంప్యూటర్ల ప్రకటన నుండి ఈ పీడ ఉన్నదే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎమ్‌టీపీ నియమావళి పంపినవాని మాటను నమ్మింది. ఆ నమ్మకాన్నే మోసగాళ్ళు పెట్టుబడిగా చేసుకున్నారు. అయితే 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ఒక ధర్మాన్ని స్పష్టంగా చెప్పింది: సర్వరు 250 అని బదులిచ్చిందంటే ఆ ఉత్తరం బాధ్యత దానిదే. చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని తెలపాలి. 250 అని పలికి చెత్తబుట్టలో పారవేయడం వడపోత కాదు, మాట తప్పడం.

"తిరస్కరిస్తే స్పామరు జాగ్రత్తపడతాడు కదా" అంటారు. దొంగ చిరునామాతో లక్షల ఉత్తరాలు వెదజల్లేవాడు బదులు చదువుతూ కూర్చుంటాడా? 550 అన్న సమాధానం వలన మేలు పొందేది పొరపాటున చిక్కుకున్న నిజాయితీపరుడే. పైగా, ముందు పుచ్చుకొని తరువాత తిప్పిపంపితే, ఆ వర్తమానం చిరునామా దొంగిలింపబడిన నిర్దోషి నెత్తిన పడుతుంది. కనుక నిర్ణయం గుమ్మం వద్దే జరగాలి.

అందుకు సాధనాలు లేకపోలేదు. లేని ఖాతాకు వచ్చినదానిని విషయం చదవకముందే తిరస్కరించవచ్చు. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ "కాసేపాగి రా" అంటుంది. అసలైన సర్వరు మళ్ళీ వస్తుంది, స్పాము యంత్రాలు చాలావరకు రావు. పంపినవాని గుర్తింపును సరిచూడడానికి ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ ఉన్నాయి. ఇక విషయ పరీక్షను సైతం 250 అనకముందే ముగించవచ్చు. అప్పటికీ తేలని ఉత్తరాన్ని గ్రహీత చూడగలిగే స్పాము పెట్టెలో ఉంచాలి.

ఇది మనకు మరీ ముఖ్యం. నిర్వాహకుడు కోరని భాషలోని ఉత్తరానికి స్పాము మార్కులు కలిపే అమరిక స్పామ్‌అసాసిన్‌లో ఉంది. అక్కడ ఇంగ్లీషు ఒక్కటే చాలని రాసుకున్న చోట, తెలుగు ఉత్తరం తెలుగైనందుకే అనుమానితం కాగలదు. అటువంటి ఉత్తరం నిశ్శబ్దంగా మాయమైతే, పంపినవాడు అందిందనుకుంటాడు, అందుకోవలసినవాడు రాయలేదనుకుంటాడు. స్నేహాలు ఇలా కూడా చెడతాయి.

నిర్వాహక మిత్రులారా, వద్దనుకుంటే వద్దని చెప్పండి. మౌనంగా ముంచకండి.